పాత జిప్సీ ఎత్తు పెంచే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా దగ్గర 1998 నాటి మారుతి జిప్సీ కింగ్ ఉంది. రోజూ రొయ్యల చెరువుల గట్ల మీద తిరుగుతుంది. వెనుక నాలుగైదు మేత బస్తాలు వేస్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్నేహితులతో యర్రగొండపాలెం వైపు అడవిలోకి వెళతాను. అక్కడి రాళ్ల బాటలో వెనుక హౌసింగ్ (ఇరుసు నడుమ గేర్లు ఉండే ఉబ్బు భాగం) రెండుసార్లు రాయికి తగిలింది. అందుకని బండి ఎత్తు పెంచే 3 అంగుళాల లిఫ్ట్ కిట్ ఆర్డరు పెట్టాను. మరో రెండు వారాల్లో చేతికి వస్తుంది. ఈలోగా ఏమేమి సిద్ధం చేసుకోవాలి? ఒంగోలులో మా మెకానిక్ పొడుగు షాకిల్స్ (స్ప్రింగు కొసను ఛాసిస్‌కు తగిలించే పట్టీలు) వేస్తే చాలు, కిట్ దండగ అంటున్నాడు. ఇప్పుడున్న టైర్లు 205/70 ఆర్15.
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: మీ ఉత్తరంలో ఒక చిక్కు ఉంది, అది విప్పకుండా పానాలు చేతపట్టడం మంచిది కాదు. రాయికి తగిలింది హౌసింగ్ అని మీరే రాశారు. జిప్సీకి ముందూ వెనుకా ఉన్నవి ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటిగా ఉండే గట్టి ఇరుసులు. కమాన్ కట్టలు, అంటే పట్టీల స్ప్రింగులు, ఆ ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ ఉంటాయి. అందువల్ల కిట్ 3 అంగుళాలదైనా 5 అంగుళాలదైనా పైకి లేచేది ఛాసిస్, దాని మీది బాడీ, ఇంజను మాత్రమే. హౌసింగ్ ఇవాళ నేలకు ఎంత ఎత్తున ఉందో కిట్ వేశాకా అంతే ఎత్తున ఉంటుంది. దానిని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు వ్యాసం ఎంత పెరిగిందో అందులో సగం మేరకే. మీ 205/70 ఆర్15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే అది 703 దాటుతుంది, హౌసింగ్‌కు దక్కేది 18 మిల్లీమీటర్లు కూడా కాదు. 235/75 ఆర్15 వేస్తే సుమారు 33 మిల్లీమీటర్లు దక్కుతుంది. అయితే అంత పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా తిరగాలంటే పైన చోటు కావాలి, కిట్ ఇచ్చేది ఆ చోటు. ఇంకొకటి, ఆ టైరుతో మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 66 దగ్గర పోతుంటుంది. ఇంజను మీద లాగుడు భారమూ ఆ మేరకు పెరుగుతుంది.

నాకు ఎక్కువ గుబులు పుట్టించింది మాత్రం అడవి బాట కాదు, మీ చెరువు గట్టు. జిప్సీ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం సుమారు 1300 మిల్లీమీటర్లే. అసలే సన్నటి బండి, పైగా వెనుక మేత బస్తాలు. వానకు కోసుకుపోయిన గట్టు అంచున ఒక పక్క చక్రాలు దిగినప్పుడు, బరువు ఎంత ఎత్తున ఉంటే బండి అంత త్వరగా చెరువు వైపు ఒరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు పోయే బాట కోసం రోజూ నడిచే గట్టు మీద భద్రతను తగ్గించుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. వీలైతే ఆర్డరును 2 అంగుళాల కిట్‌కు మార్పించుకోండి, టైరును 215/75 దగ్గర ఆపండి. మార్చడానికి వీలు లేదంటే, రాబోయే రెండు వారాలూ ఈ కింది పనులకు పెట్టండి.

మొదటి పని కొలత. సిమెంటు నేల మీద బండి నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, ఒక్కొక్క చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలిచి రాసుకోండి. ఒకసారి ఖాళీ బండితో, ఒకసారి బస్తాలు వేసి. ఇన్నేళ్ల కట్టలు వంపు కోల్పోయి చదునై ఉండవచ్చు, రెండు పక్కలా ఒకే ఎత్తున ఉండకపోవచ్చు కూడా. మీకు లోటుగా అనిపిస్తున్న ఎత్తులో కొంత అసలు కంపెనీ ఇచ్చినదే, కాలం తినేసినదే అయి ఉండవచ్చు. ఈ అంకెలు చేతిలో లేకపోతే కిట్ వేశాక పెరిగింది 3 అంగుళాలో, నాలుగో, ఒక పక్కకు తక్కువో తేల్చుకునే దారి ఉండదు.

రెండో పని తుప్పు, మీ ఊరికి సంబంధించినంతవరకు ఇదే అన్నిటికన్నా పెద్ద పని. సముద్రపు గాలి పై నుంచి, చెరువుల ఉప్పునీరు కింది నుంచి బండిని తింటూ ఉంటాయి. బండి అడుగు భాగాన్ని మంచినీటితో బాగా కడిగించి, ఎండనిచ్చి, కమాను కొసలు ఛాసిస్‌కు తగిలే హ్యాంగర్ల దగ్గరా, షాకిల్ పట్టుల దగ్గరా చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. గుల్లబారినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి, పెయింటు కింద పొరలు రాలితే ఆ చోటు పోయినట్టే. కొత్త కట్టలు పాతవాటికన్నా బిరుసుగా ఉంటాయి కాబట్టి గుంతలో పడ్డ దెబ్బ అంతా ఈ హ్యాంగర్ల మీదకే వస్తుంది. గుల్ల కనిపిస్తే కిట్ పెట్టె విప్పకుండా పక్కన పెట్టి, తుప్పు తినేసిన ఇనుము కోసేసి మంచి రేకుతో వెల్డింగు చేయించడం ముందు జరగాలి.

బోల్టుల సంగతి కూడా ఇందులోదే. కమాను కంటిలో (కొసన గుండ్రంగా చుట్టిన రంధ్రంలో) ఉండే బోల్టు, అక్కడి రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. నట్టు ఊడినా బోల్టు కదలదు. ఇవాళ్టి నుంచే ప్రతి సాయంత్రం ఆ కొసల మీద తుప్పు వదిలించే నూనె కొట్టిస్తూ ఉండండి. అయినా ఒకటి రెండు కోయక తప్పదనుకుని కొత్త బోల్టులు, బుష్‌లు ముందే తెచ్చిపెట్టుకోండి. ఆ పనికి గ్యాస్ కటింగు మాత్రం వద్దు. పెట్రోలు ట్యాంకు ఉన్నది బండి వెనుక భాగంలోనే. రంపంతో కోయించండి, ఆలస్యమైనా ఫరవాలేదు.

కిట్ రాగానే పెట్టెలో ఏమున్నాయో కాకుండా ఏమి లేవో చూడండి. కట్టలు, షాక్ అబ్సార్బర్లు సాధారణంగా ఉంటాయి. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవి లేకపోతే కొనండి. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, దానిని మళ్లీ వాడితే బిగువు నిలవదు. బ్రేక్ హోస్‌ల (బ్రేకు ఆయిల్ పోయే రబ్బరు గొట్టాల) సంగతి చాలామంది మరచిపోతారు. ఛాసిస్‌ను జాకీతో లేపి ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు హోస్ తీగలా బిగుసుకుంటే, ఏదో ఒక రోజు గుంతలో అది తెగి బ్రేకు పోతుంది. పొడుగు హోస్‌లు తెప్పించుకోవలసిందే. పాతదానిని అటూ ఇటూ వంచి సర్దడం కుదరదు. హౌసింగ్‌కు గాలి ఆడే బ్రీదర్ గొట్టం కూడా అలాగే చూడండి, పొడవు చాలకపోతే మీ చెరువు నీళ్లు హౌసింగ్ ఆయిల్‌లో కలుస్తాయి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. జిప్సీలో ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు విడిగా నడుమ ఉంటుంది, అక్కడి నుంచి ఇరుసులకు ఆ శక్తిని చేర్చే ఈ షాఫ్ట్‌లు పొట్టివి. షాఫ్ట్ పొట్టిదైన కొద్దీ అంతే ఎత్తుకు కోణం ఎక్కువ నిటారవుతుంది. షాఫ్ట్‌ను బిగించే బిళ్లలు, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి, హౌసింగ్ ఫ్లాంజి ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే షాఫ్ట్ రెండు కొసల కీళ్లయిన క్రాస్‌లు ఒకదాని అదురును ఒకటి సరిచేసుకుంటాయి. ఇప్పుడే ఫోనులోని లెవెల్ యాప్‌తో ఆ రెండు కోణాలూ కొలిచి రాసుకోండి, బిగించాక మళ్లీ కొలవండి. ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు షాఫ్ట్ జారుడు గొట్టంలో పళ్ల పట్టు ఎంత మిగిలిందో కూడా చూడాలి.

ఇక మీ మెకానిక్ సలహా. షాకిల్ 2 అంగుళాలు పొడిగిస్తే బండి లేచేది సుమారు ఒక అంగుళమే, ఎందుకంటే కమాను రెండో కొస ఉన్నచోటే ఉంటుంది. 3 అంగుళాల కోసం షాకిల్స్‌ను 6 అంగుళాలు పొడిగిస్తే కట్టలు పక్కలకు ఊగుతాయి. కాబట్టి ఆయన మాట పట్టించుకోవద్దు, కానీ ఆయనను వదులుకోవద్దు. పాత జిప్సీ నట్టు ఎటు తిరుగుతుందో తెలిసిన చెయ్యి ఇప్పుడు సులభంగా దొరకదు. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో కమాన్ పనివారు ఉంటారు, పాత కట్టలకే వంపు కొట్టించడం చౌకే. అయితే లారీ కట్ట పనితనం వేరు, జిప్సీ పల్చటి పట్టీ వేరు. వేడి చేసి వంచి, మళ్లీ సరిగా పదును పెట్టని పట్టీ కొన్నాళ్లకే కుంగిపోతుంది.

బిగించే రోజు బండిని జాకీ మీద వదిలి కిందికి దూరవద్దు. ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు, ఇరుసు కింద విడిగా జాకీ ఉండాలి. చెరువు గట్టున ఇసుక నేల మీద ఈ పని అసలు పెట్టుకోవద్దు. కమాను కంటి బోల్టులను వదులుగా ఉంచి, చక్రాలు నేలకు దించి, బండి బరువు పడ్డాకే పూర్తిగా బిగించండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. యూ బోల్టులను బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, మొదటి 500 కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడండి.

ప్రశ్న: మా పాత మహీంద్రా ఎంఎం 540 జీపుకు ముందు వైపు పొడుగు షాకిల్స్ వేయించాను. షాకిల్స్ కమాను ముందు కొసన ఉన్నాయి. ఇప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట వెనక్కి రావడం లేదు, 50 దాటితే బండి అటూ ఇటూ పోతోంది.
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: ముందు కొసన షాకిల్ పొడుగైతే కమాను ముందుకు వాలి, ఇరుసు కూడా ముందుకు తిరుగుతుంది, మలుపు తరువాత చక్రాన్ని తిన్నగా తెచ్చే క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గిపోతుంది. స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి కారణం అదే. పాత షాకిల్స్ తిరిగి వేసి ఒకరోజు నడిపి చూడండి, జబ్బు పోతే నిర్ధారణ అయినట్టే. ఎత్తు అక్కరే అనుకుంటే కమానుకూ ఇరుసు పీటకూ మధ్య ఇనుప వెడ్జి (ఏటవాలు ముక్క) వేసి కోణం సరిచేయవచ్చు. అల్యూమినియంవి పగులుతాయి, తీసుకోవద్దు. వెడ్జి క్యాస్టర్‌ను పెంచిన మేరకు ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుందని గుర్తుంచుకోండి. దీనికి ముందు కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్‌లు అరిగాయేమో చూపించండి. అవి వదులుగా ఉంటే ఏ వెడ్జీ పనిచేయదు.

ప్రశ్న: లిఫ్ట్ చేసిన బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇస్తారా? కాగితాల్లో రాయించాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే అన్వయించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పు ఒక్కింటికి 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చునంటుంది. అరిగిన కట్టల స్థానంలో కంపెనీ కొలతల కట్టలు వేయడం మరమ్మతు. 3 అంగుళాలు లేపడం మరమ్మతు కాదు. కాబట్టి కిట్ కొనక ముందే ఆర్‌టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకీ తెలియజేయండి. చెప్పని మార్పును సాకుగా చూపి ప్రమాదం తరువాత క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది.

పై కొత్తపట్నం పాఠకునికీ ఇది వర్తిస్తుంది. ఆయన బండి రిజిస్ట్రేషను 1998లోనే అయి ఉంటే 15 ఏళ్ల గడువు 2013లో తీరింది, అక్కడి నుంచి ఐదేళ్లకొకసారి రెన్యువల్, తరువాతిది 2028లో. మళ్లీ పాత ఎత్తుకు దించవలసి వస్తే పనికివచ్చేలా, విప్పిన పాత కట్టలను, షాక్‌లను, షాకిల్స్‌ను తుక్కుకు వేయకుండా గ్రీజు పూసి గోనెసంచిలో కట్టి దాచమని ఆయనకు మనవి.