అజయ్ మాథుర్ నడిచిన దారి మన జిల్లా విద్యార్థికి అందుతుందా?

శ్రీకాకుళంలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం చదువుతున్న మీరు, అజయ్ మాథుర్ గారిలా స్వచ్ఛ ఇంధనం, వాతావరణ విధానాల రంగంలో ఎదగాలంటే విదేశీ చదువు తప్పదా, ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చా అని అడిగారు. ఆయన రూర్కీలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. ప్రపంచ బ్యాంకులోనూ పనిచేశారు. అయితే నా దృష్టిలో ఆయన అసలు పని, 2006 నుంచి దాదాపు పదేళ్ళు, ఇంధన పొదుపు వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీకి డైరెక్టర్ జనరల్‌గా ఉండి చేసినదే. ఫ్రిజ్ కొనేముందు మనం లెక్కపెట్టుకునే స్టార్లు ఆ కాలంలో వచ్చినవే.

విజయనగరంలో ఎనర్జీ ఆడిటర్‌గా, అంటే కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో లెక్కతీసేవాడిగా చాలాకాలం పనిచేసినవాడిగా నాకు ఆయన ప్రయాణంలో కనిపించేది ఒక్కటే ప్రశ్న: ఆదా అందరికీ మంచిదే, కాని ముందుగా ఖర్చు పెట్టేదెవరు? 2009లో బ్యూరో తెచ్చిన బచత్ లాంప్ యోజనలో సీఎఫ్ఎల్ బల్బును రూ.15కే ఇచ్చి, మిగతా ధరను కార్బన్ క్రెడిట్ల (తగ్గించిన కాలుష్య వాయువులకు లెక్కగా ఇచ్చే, అమ్ముకోదగిన పత్రాల) అమ్మకంతో రాబట్టాలనుకున్నారు. ఆ క్రెడిట్ల ధర పడిపోవడంతో పథకం నిలదొక్కుకోలేదు. తరువాత ఎల్ఈడీలకు వచ్చేసరికి, ఎనర్జీ ఎఫిషియన్సీ సర్వీసెస్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ టోకున కొనే పద్ధతి పట్టుకుంది, 2014లో ఆ సంస్థకు రూ.310 పడిన బల్బు 2016 నాటికి రూ.38కి దిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఎల్ఈడీల పంపిణీ తొలివిడతలోనే శ్రీకాకుళం జిల్లా ఉంది. ఒక్కోటి రూ.10 చొప్పున ఇంటికి రెండు ఇచ్చారు. మా అత్తవారి ఊళ్ళో ఒక ముసలావిడ "పది రూపాయల బల్బు ఎన్నాళ్ళు ఎలుగుతాది బావూ?" అని నన్ను నిలదీసింది. 60 వాట్ల బల్బులు రెండు తీసి 7 వాట్లవి పెడితే, రోజుకు ఐదు గంటల వాడకం మీద నెలకు సుమారు 16 యూనిట్లు మిగులుతాయని లెక్క చెప్పాను. ఆమె యూనిట్ల మాట వినలేదు, బిల్లు ఎంత తగ్గుతుందో చెప్పమంది. ఆమె అడిగిందే సరైన ప్రశ్న.

నేను ఆ పాఠం అంతకుముందే ఒక జూట్ మిల్లులో నేర్చుకుని ఉండాల్సింది. కాలిపోయిన మోటార్లను ఐదారుసార్లు రీవైండింగ్ చేయించి (లోపలి తీగ మళ్ళీ చుట్టించి) వాడటం వల్ల ఎంత కరెంటు వృథా అవుతోందో నలభై పేజీల నివేదిక ఇస్తే, యాజమాన్యం దాన్ని బీరువాలో పెట్టింది. మరుసటి ఏడు పన్నెండు నెలల బిల్లులు పక్కన పెట్టుకుని, ఏ మోటారు ఎన్ని నెలల్లో తన ధర తాను తిరిగి ఇస్తుందో ఒక్క పేజీలో రాసిస్తే, మూడు మోటార్లు మార్చారు.

ఖర్చంటే రూపాయలే కావనీ మన జిల్లాకు తెలుసు. సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నవారిపై 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఈ.ఏ.ఎస్. శర్మ గారు ఆ ప్రజల పక్షాన నిలబడ్డారు. విధానాన్ని లోపల ఉండి నడిపినవారి జీవితంతోపాటు, బయటి నుంచి ప్రశ్నించిన ఇలాంటివారి జీవితాన్నీ మీరు చదవాలి.

మాథుర్ గారు తరువాత 2021 నుంచి 2025 వరకు గురుగ్రామ్‌లోని అంతర్జాతీయ సౌర కూటమిని నడిపారు. అంత దూరం ఇప్పుడే చూడనక్కరలేదు. డిగ్రీ తరువాత కొంత అనుభవం గడించాక బ్యూరో నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయండి. నాలుగు పేపర్లు, చివరిది పుస్తకం చూసి రాసేదే అయినా తేలికేమీ కాదు. ఈలోగా మీ కాలేజీ ఆఫీసులో గత పన్నెండు నెలల హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులు అడిగి తెచ్చుకుని, కాంట్రాక్ట్ డిమాండ్‌కూ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడుకూ) నిజంగా నమోదైన డిమాండ్‌కూ ఎంత తేడా ఉందో నెలవారీగా రాసి చూడండి. బిల్లులు ఇవ్వడానికి వాళ్ళు తటపటాయిస్తే మీ విభాగాధిపతి చేత ఒక ఉత్తరం రాయించుకుని వెళ్ళండి.