కలువ ఆకు పసుపెక్కిందా? మందు కొట్టకండి, ముందు దుంప నొక్కి చూడండి

"విజయవాడలో మా డాబా మీద సిమెంటు తొట్టిలో కలువ పెంచుతున్నాం. నెల రోజులుగా ఆకులు పసుపెక్కి పోతున్నాయి. మొగ్గలు నీళ్ళ పైకి రాకముందే నల్లబడుతున్నాయి. ఇది ఏ తెగులు? ఏ మందు కొట్టాలి?" అని అడిగారు.

ఏ మందూ కొట్టకండి. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, తొట్టిలో చెయ్యి పెట్టి, కలువ ఉన్న కుండీని బయటికి తీయండి. పైమట్టి తప్పించి దుంపను బొటనవేలితో నొక్కండి. తర్వాత ఆ వేలిని వాసన చూడండి. మీ జవాబు అక్కడే ఉంది, ఆకు మీద లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే 2021 కార్తీక మాసంలో నాకూ ఇదే కష్టం వచ్చింది. మాది గుంటూరు, కొరిటెపాడు వైపు. ఇంటి ముందు ఐదడుగుల తొట్టిలో ఎర్ర కలువ ఉండేది. అది నర్సరీలో కొన్నది కాదు. అమ్మ పుట్టిల్లు దుగ్గిరాల పక్కన పల్లె. ఆ ఊరి కుంట పూడ్చేస్తున్నారని తెలిసి, ఆ వయసులో అమ్మే మోకాటి లోతు నీళ్ళలోకి దిగి తెచ్చుకున్న దుంప. ఇప్పుడు ఆ కుంట ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్ళు ఉన్నాయి. ఆ ఊరి నీళ్ళకు మిగిలిన గుర్తు మా తొట్టిలోని ఆ ఒక్క మొక్కే. అందుకే దాని ఆకు ఒకటి పసుపెక్కినా ఇంట్లో అందరికీ టెన్షన్.

ఆ ఏడాది వినాయక చవితి వెళ్ళాక పూలు ఎక్కువ రావాలని నేనే కుండీ మార్చాను. అడుగున పచ్చి పేడ వేశాను. దుంప కదలకుండా ఉండాలని మొవ్వు (కొత్త ఆకులు పుట్టే కొన) కూడా కనబడనంతగా మట్టి కప్పాను. నెలన్నరకు ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కడం మొదలైంది. కార్తీకంలో రోజూ తెల్లవారుజామున దీపం దగ్గర పెట్టడానికి అమ్మకు రెండు పూలైనా దొరికేవి. ఆసారి ఒక్క మొగ్గ కూడా విచ్చుకోలేదు. ఆకుల మీద చిన్న చిన్న నల్ల పురుగులు కూడా కనిపించాయి. తెగులు ఇదే అని తేల్చేసుకుని మందుల షాపుకు పరిగెత్తాను.

ఇక్కడొక మాట తిరకాసు ఉంది. మా ఇంట్లో కలువను కూడా తామర అనే పిలిచేవాళ్ళం. షాపులో నేను అన్న మాట: "తామరకు పురుగు పట్టింది." సరిగ్గా ఆ సీజన్‌లోనే గుంటూరు చుట్టుపక్కల మిరప చేలన్నీ నల్ల తామర పురుగు దెబ్బకు పోతున్నాయి. మిరప రైతులు త్రిప్స్‌ను తామర పురుగు అంటారు, దానికీ తామర పువ్వుకూ ఏ సంబంధమూ లేదు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నా మాట పూర్తి కాకముందే, "తామర పురుగేగా అన్నా, ఈ ఏడు ఎవరిని కదిలించినా అదే" అంటూ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "నీళ్ళ తొట్టిలో మొక్క, చేపలు ఉన్నాయి" అన్నాను. "డబ్బా మీద నీలం గుర్తే ఉంది చూడండి, ఎర్రది కాదు, ఏం కాదు" అన్నాడు.

పురుగుమందు డబ్బా మీద ఉండే ఆ రంగు గుర్తు గురించి అందరూ తెలుసుకోవాలి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగులు ఉంటాయి. ఆ మందు ఒంట్లోకి పోతే మనుషులకు, పశువులకు ఎంత ప్రమాదమో అవి చెబుతాయి. చేపల సంగతి ఆ రంగు చెప్పదు. మనిషికి అంత ప్రమాదం కాని మందు కూడా చేపలను గంటల్లో చంపగలదు. పైరెత్రాయిడ్ రకం మందులు సరిగ్గా అలాంటివే. చేపల హెచ్చరిక ఉన్నా, చీమ తలకాయంత అక్షరాల్లో, మడత విప్పితే తప్ప కనబడని కాగితంలో ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకున్నా చదవలేని ఆ కాగితం రైతు పొలంలో నిలబడి ఎలా చదువుతాడని వేస్తారో నాకు ఇప్పటికీ కోపమే.

సాయంత్రం మందు కొట్టాను. తెల్లారేసరికి ముప్పై దాకా గప్పీ చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. మా పాప స్కూలు మానేసి తొట్టి గట్టు మీదే కూర్చుంది. ఆకులేమో పసుపెక్కుతూనే ఉన్నాయి.

అప్పుడు అమ్మ బయటికి వచ్చింది. ఏమీ అనలేదు. చీర కొంగు బొడ్లో దోపి, తొట్టిలో చెయ్యి పెట్టి ఒక ఆకు కాడను మెల్లగా లాగింది. ఏమాత్రం బలం పెట్టకుండానే ఊడి చేతికొచ్చింది. కాడ మొదలు నల్లగా, జిగటగా ఉంది. కుండీ బయటికి తీయించింది. దుంపను నొక్కితే మగ్గిపోయిన అరటిపండులా వేలు దిగబడింది. వాసనైతే మురుగు కాలువ వాసన. "పురుగు కాదు నాన్నా, ఇది దుంపకుళ్ళు. మా పసుపు చేలో చూడనిదా?" అంది.

అమ్మ వాళ్ళది తరతరాలుగా పసుపు వేసే కుటుంబం. పసుపు చేలో దుంపకుళ్ళు వస్తే పైన ఆకు అంచుల నుంచి ఎండుతూ వస్తుంది, మొదలు మెత్తబడుతుంది, లాగితే మొక్క తేలిగ్గా ఊడి వస్తుంది, కింద దుంప మెత్తగా, రంగు చెడి, వాసన వేస్తుంది. కలువకు కూడా అచ్చం అదే వరస. తర్వాత చదివి తెలుసుకున్నాను, పసుపులో ఈ పని చేసేది పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి. కలువ మొవ్వును కుళ్ళబెట్టేవాటిలో అదీ ఉంది, దాని చుట్టం ఫైటోఫ్తోరా కూడా ఉంది. రెండూ నీటి దారినే పాకుతాయి. పచ్చి పేడ నీళ్ళ కింద పులిసి, మట్టి ఊపిరాడక నల్లబడి, మొవ్వు మట్టిలో కూరుకుపోయి ఉంటే వాటికి అంతకన్నా ఏం కావాలి? మన ఊళ్ళలో ఇళ్ళల్లో కలువలు పోయేది ఎక్కువగా ఈ పచ్చి పేడ వల్లే అని నా గట్టి అనుమానం. పాపం ఆకుల మీద కనిపించిన నల్ల పురుగులు పేనుబంక. నీరసపడ్డ మొక్క మీద వచ్చి వాలాయి. వాటికి మందే అక్కర్లేదు. పైపుతో నీళ్ళు కొట్టి ఆకులను ఒక రోజు నీళ్ళలో ముంచి ఉంచితే గప్పీలే తినేసేవి. ఆ గప్పీలనే నేను చంపుకున్నాను.

మీ తొట్టి సంగతికి వస్తే, దుంప గట్టిగా ఉండి, చిన్న ముక్క గిల్లితే లోపల తెల్లగా ఉంటే మీది దుంపకుళ్ళు కాదు. అప్పుడు ఏ ఆకులు పోతున్నాయో చూడండి. అంచున ఉన్న పాత ఆకులు మాత్రమే పోయి, మధ్య నుంచి కొత్తవి వస్తూ ఉంటే అది జబ్బే కాదు. కలువ ఆకు ఆయుష్షు కొన్ని వారాలే. కొత్తవి కూడా చిన్నవిగా, పాలిపోయి వస్తుంటే మొక్కకు బలం చాలడం లేదు, లేదా పిలకలతో కుండీ కిక్కిరిసిపోయింది. అలా కాకుండా కొత్త ఆకులూ మొగ్గలూ పైకి రాకముందే నల్లబడుతున్నాయంటే మాత్రం దుంపనే అనుమానించాలి. మీరు రాసిన మొగ్గల మాట చూస్తే నాకు భయం వేస్తున్నది అందుకే. ఆకు నిండా గోధుమ రంగు మచ్చలు వచ్చి, ఎండి, చిల్లులు పడితే అది ఆకుమచ్చ తెగులు. వానలు పట్టినప్పుడు వస్తుంది. ఆ ఆకులు కోసి దూరంగా పారేస్తే చాలు, తొట్టిలోనే వదిలేయకండి.

వేపనూనె సలహా కూడా చాలామంది ఇస్తారు. మిగతా మొక్కలకు సరే. కలువ ఆకుకు గాలి పీల్చే రంధ్రాలు పై వైపునే ఉంటాయి, కింద నీళ్ళు కదా. అక్కడ నూనె పొర కట్టిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

పువ్వు పొద్దున తొమ్మిదింటికల్లా ముడుచుకుపోతోంది, తెగులా అని మా వీధిలో ఒకావిడ అడిగింది. ఎర్ర కలువ రాత్రి పూసేదమ్మా, చంద్రుణ్ణి కలువరేడు అన్నది ఊరికే కాదు అని చెప్పాను. నీలి కలువైతే పగలు పూస్తుంది. నర్సరీల వాళ్ళు ఇవేవీ చెప్పరు. కలువనూ తామరనూ ఒకే బోర్డు కింద పెట్టి అమ్ముతారు. తామరాకు గుండ్రంగా ఉండి నీళ్ళ పైకి లేస్తుంది, చీలిక ఉండదు. కలువాకు నీళ్ళ మీద పరుచుకుని, కాడ దాకా చీలిక ఉంటుంది. ఈ తేడా నాకు ముందే తెలిసి ఉంటే షాపులో ఆ మాటే అనేవాణ్ణి కాదు.

దుంప మెత్తబడి ఉంటే ఇలా చేయండి, అమ్మ చేసింది ఇదే. కుళ్ళిన భాగమంతా కత్తితో తీసేసింది. ఒక పక్కన వేలెడు పిలక గట్టిగా, కోస్తే తెల్లగా మిగిలింది. పాత మట్టి పూలమొక్కల్లో కూడా కలపనివ్వలేదు. తొట్టి రుద్ది కడిగించి, వారం ఎండబెట్టించింది. ఒక వెడల్పాటి బేసిన్‌లో ఎరువు కలపని నల్లమట్టి పోసి, పిలక మొవ్వు మట్టి పైకి కనబడేలా నాటి, పైన రెండు వేళ్ళ మందం ఇసుక పరిచింది. నీళ్ళు మొదట పిలక మీద నాలుగు వేళ్ళ ఎత్తే. కుళాయి నీళ్ళైతే బకెట్లో ఒక రాత్రి ఉంచి పోసేది. మా బోరు నీళ్ళు ఉప్పన, అవి ముట్టుకోనివ్వలేదు. మీది డాబా మీద కాబట్టి ఇంకొకటి కూడా చూసుకోండి. మే నెలలో విజయవాడ ఎండకు తొట్టి నీళ్ళు మధ్యాహ్నానికి వేడెక్కిపోతాయి, అప్పుడు పైన నీడవల కట్టాలి. మిగతా నెలల్లో మాత్రం కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి, లేకపోతే ఆకులే తప్ప పూలు రావు.

సంక్రాంతి ముందు మొదటి ఆకు నీళ్ళ మీదికి వచ్చింది, రూపాయి బిళ్ళంత, ఎర్రగా. నాలుగైదు ఆకులు వచ్చాకే నీళ్ళు పెంచి, బాగా మాగిన ఎరువు గుప్పెడు గుడ్డలో కట్టి మట్టిలోకి అంచున దూర్చాం. మరుసటి కార్తీకానికి అమ్మ దీపం దగ్గర మళ్ళీ రెండు పూలు ఉన్నాయి. కొత్త గప్పీలను మా పాపే ఎంచి తెచ్చుకుంది.

ఈ సాయంత్రమే కుండీ పైకి తీయండి. గట్టి పిలక ఒక్కటి దొరికినా చాలు. ఒక్కటీ దొరక్కపోతే గుంటూరు వచ్చినప్పుడు చెప్పండి, మా బేసిన్‌లో ఇప్పుడు నాలుగు పిలకలు ఉన్నాయి. తడిగుడ్డలో చుట్టి ఇస్తాను.