తాడు పంపు ఎక్కడ చెడుతుంది?

ప్రశ్న: టాంజానియా, జాంబియా పల్లెల్లో స్థానిక వెల్డర్లకు శిక్షణ ఇచ్చి బావులకు తాడు పంపులు చేయిస్తున్నారట. ఎలా పనిచేస్తుంది? బలహీనత ఏమిటి?

జవాబు: బావిలోకి పీవీసీ పైపు దింపుతారు. చుట్టూ తిరిగే తాడు దాని గుండా పైకి వస్తుంది. తాడుకు మీటరుకొకటి చొప్పున చిన్న ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. కారు టైరు లోపలి అంచులు రెండు కోసి బిగించిన చక్రాన్ని తిప్పితే, బిళ్లలు నీటిని పైకి నెడతాయి. 10 మీటర్ల లోతుకు అంగుళం పైపు సరిపోతుంది, 35 మీటర్లకైతే అరంగుళమే వాడాలి. లేకపోతే నీటి బరువుకు చెయ్యి ఆడదు. 10 మీటర్ల లోతు నుంచి నిమిషానికి సుమారు 40 లీటర్లు, 35 మీటర్ల నుంచి 10 లీటర్లు వస్తాయి.

అసలు కిటుకు బిళ్ల కొలతలో ఉంది. పైపుకూ బిళ్లకూ మధ్య సందు మిల్లీమీటరు కన్నా తక్కువే ఉండాలి. ఎక్కువైతే నీరు కారిపోతుంది, మరీ బిగుతైతే ఇరుక్కుంటుంది. అందుకే బిళ్లలను అచ్చులోనే పోయించాలి, చేత్తో కోస్తే కొలత అంత కచ్చితంగా రాదు. తాడు వదులైతే చక్రం మీద జారుతుంది. పైగా ఎండకు తాడు పెళుసెక్కుతుంది. అడుగున తాడు మలుపు తిరిగే దిమ్మె గరుకుగా ఉంటే నెలల్లోనే తెగుతుంది. పిడి వెనక్కి గిర్రున తిరిగి చేతికి తగలకుండా ఆపుడు కొక్కెం తప్పనిసరి.

ఒక్క వారం శిక్షణతో చేతులు దులుపుకుంటే మొదటి పంపులు నాసిగానే వస్తాయి, కాబట్టి మళ్లీ వెళ్లి సరిదిద్దాలి. పక్క ఊళ్లో ఎవరైనా పంపులు ఉచితంగా పంచితే మాత్రం ఆ వెల్డరు దగ్గర కొనేవాడుండడు.