ఇంగ్లండ్‌లో మా పెరట్లోకి రాత్రిళ్లు హెడ్జ్‌హాగ్ వస్తోంది, పాలు పెట్టొచ్చా?

కొత్తగా కొన్న ఇంటి పెరట్లోకి రోజూ రాత్రి పదింటికి ఒక హెడ్జ్‌హాగ్ (ఒళ్లంతా ముళ్లుండే చిన్న జంతువు) వస్తోందని, పిల్లలు దానికి పాలు పోస్తున్నారని, చలికాలంలో గరాజ్‌లో పెట్టుకోవచ్చా అని అడిగారు. మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆ పాల గిన్నె తీసేయండి. కడిగి అందులోనే మంచినీళ్లు పోయండి.

మేమూ ఇదే చేశాం. లెస్టర్ శివార్లలో ఇల్లు తీసుకున్న మొదటి వేసవిలో ఒకటి వచ్చింది. ఇంటికొచ్చిన ప్రాణికి ఏదో ఒకటి పెట్టకపోతే మనకు నిద్ర పట్టదు కదా! పాలలో బ్రెడ్ నానబెట్టి పెట్టాను. రెండు రోజులకే పేవ్‌మెంట్ రాళ్ల మీద పచ్చగా, నీళ్లలా దాని విరేచనాలు. పక్కింటి పెద్దావిడ కంచె మీదుగా చూసి, దానికి పాలు అరగవని, ఇలాగే కొన్నాళ్లు సాగితే ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోవచ్చని చెప్పింది. బ్రెడ్‌తో కడుపు నిండుతుంది తప్ప బలం రాదు. వీడియో కాల్‌లో అమ్మకి ఈ సంగతి చెబితే, "పాలు పడకపోతే పెరుగన్నం పెట్టవే" అంది. అదీ వద్దు. అసలు ఆ జంతువు ఏమిటో అమ్మకి చాలాకాలం తెలియలేదు. ఏదుపంది అనుకుని, పిల్లల్ని బయటికి పంపకండని భయపడేది. ఏదుపంది వేరే జాతి, ఒడ్డూ పొడుగూ ఉన్న ఎలుకల వంశం. ఇది కొబ్బరికాయంత ఉంటుంది, పురుగులు తిని బతుకుతుంది. దీనికి దూరపు చుట్టం ఒకటి మన ఆంధ్రలో, తమిళనాడులో మెట్ట ప్రాంతాల్లో కూడా ఉంది గానీ, నేను ఎప్పుడూ చూడలేదు.

పెట్టాలనుంటే మాంసం ఉన్న క్యాట్ ఫుడ్ గానీ, పిల్లికూనలకి అమ్మే బిస్కెట్లు గానీ చీకటి పడ్డాక గుప్పెడు పెట్టండి, తెల్లారేసరికి తీసేయండి. లేకపోతే ఎలుకలు మరుగుతాయి. నేను చేసిన రెండో తప్పు మీల్‌వార్మ్స్. పక్షుల కోసం తెచ్చిన ఎండు పురుగుల ప్యాకెట్ ఉంటే అవీ పోశాను. మన పిల్లలు చిప్స్ తిన్నట్టు తింటుంది, ఇంకేదీ ముట్టదు. వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అవే మేపితే ఎముకలు గుల్లబారి నడవలేని స్థితికొస్తుంది. వేరుశనగలు, పొద్దుతిరుగుడు గింజలతోనూ అదే గొడవ.

వీధిలో పిల్లులు వచ్చి తినేస్తుంటే ఒక ప్లాస్టిక్ స్టోరేజ్ పెట్టె బోర్లించి, ఒక పక్క 13 సెంటీమీటర్ల చదరపు కన్నం కోసి, అంచులకి టేప్ అంటించండి. పైన ఇటుక. గిన్నెను లోపల కన్నానికి దూరంగా ఉన్న మూలలో పెట్టండి. మా వీధిలో ఉన్న లావుపాటి పిల్లి చేయి మాత్రం పెట్టి చూసి వెళ్లిపోయేది.

నా అనుభవంలో తిండి కన్నా ముఖ్యమైనది దారి. ఒక్క రాత్రిలో ఇది కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరుగుతుంది. మీ ఒక్క పెరడు దానికి ఏ మూలకీ చాలదు. ఇక్కడ అందరూ చెక్క ఫెన్సులు నేలకి ఆనించి బిగించేస్తారు, అది గోడ వెంట తిరిగి తిరిగి చివరికి రోడ్డెక్కుతుంది. ఫెన్సు అడుగున అదే 13 సెంటీమీటర్ల కన్నం చాలు. ఫెన్సు ఎవరిదో కనుక్కుని, అడిగి కోయండి. నేను ఒకవైపు పెద్దావిడని అడిగితే ఆవిడే రంపం తెచ్చింది. రెండోవైపు ఆయన్ని ఒప్పించడానికి ఒక చలికాలం, రెండు డబ్బాల జంతికలు పట్టాయి. 2011 నుంచి నడుస్తున్న హెడ్జ్‌హాగ్ స్ట్రీట్ అనే కార్యక్రమం పని ఇదే, వీధి వీధికీ ఇలాంటి కన్నాలు పెట్టించడం. 2020లో బ్రిటన్ జంతువుల రెడ్ లిస్ట్‌లో దీన్ని అంతరించే ముప్పున్న వాటిలో చేర్చారు కాబట్టి, ఇది మన పెరటి ముచ్చట మాత్రమే కాదు.

తర్వాత మీ పెరడు ఒకసారి దాని కళ్లతో చూడండి. ప్రమాదం వస్తే ఇది పారిపోదు, ముడుచుకుని బంతిలా కూర్చుంటుంది. నక్క దగ్గర ఆ ఉపాయం పనిచేస్తుంది గానీ గడ్డి కోసే స్ట్రిమ్మర్ యంత్రం దగ్గర పనిచేయదు. పొడవు గడ్డి కోసేముందు కర్రతో కదిపి చూడండి. పిల్లల ఫుట్‌బాల్ గోల్ నెట్, క్రికెట్ నెట్ రాత్రికి చుట్టి పైకి కట్టేయండి, ముళ్లు చిక్కుకుంటే విడిపించుకోలేదు. చిన్న కొలను ఉంటే ఎక్కి రావడానికి ఒక ఏటవాలు చెక్క వేయండి. ఈదుతుంది గానీ నిలువు గట్టు ఎక్కలేదు. స్లగ్‌లని (గుల్ల లేని నత్తలని) చంపే మందు పాత డబ్బా షెడ్‌లో దొరికితే వాడకండి. మెటాల్డిహైడ్ ఉన్న రకాన్ని 2022లో ఇక్కడ నిషేధించారు కూడా.

దీపావళి, ఇక్కడ నవంబర్ 5న బాన్‌ఫైర్ నైట్ అని వేసే మంటలు ఇంచుమించు ఒకే రోజుల్లో వస్తాయి. వారం ముందే పోగేసిన ఆకులు, కొమ్మలు దానికి తయారుగా ఉన్న ఇల్లులా కనిపిస్తాయి. మంట వేసే రోజునే కుప్పను పక్కకి జరిపి పేర్చండి.

పగటిపూట కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. వేసవిలో గూటికి ఆకులు మోసుకుంటూ చకచకా పోతుంటే అది తల్లి, వదిలేయండి. ఎండలో పడుకున్నా, తూలుతున్నా, చుట్టూ ఈగలు వాలుతున్నా ఒంట్లో బాగాలేదని అర్థం. ఒక అక్టోబర్ మధ్యాహ్నం మా షెడ్ పక్కన చిన్నది ఒకటి కూర్చుని ఉంది, నీడలోకి కూడా జరగలేదు. తోట గ్లౌజులతో ఎత్తి, ఎత్తైన అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, వేడినీళ్ల బాటిల్‌ని గుడ్డలో చుట్టి ఒక పక్కగా పెట్టాను. వేడి ఎక్కువైతే జరగడానికి చోటుండాలి. పూరీ పిండి తూచే స్కేల్ మీద గిన్నెలో పెట్టి తూస్తే 280 గ్రాములు. మొదట ఫోన్ చేసిన చోట ఎవరూ ఎత్తలేదు, ఆ గంటన్నర పడ్డ టెన్షన్ చెప్పలేను. చివరికి బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీకి చేస్తే, దగ్గర్లో తన ఇంట్లోనే వీటి కోసం రెస్క్యూ (సంరక్షణ కేంద్రం) నడుపుతున్న ఒకావిడ నంబర్ ఇచ్చారు. ఏప్రిల్‌లో ఆవిడే తెచ్చి మా పెరట్లోనే వదిలింది. అప్పటికి 800 గ్రాములు దాటింది, మా అబ్బాయి గుర్తుపట్టలేదు.

ఇక గరాజ్ సంగతి. వద్దు. అది పెంపుడు జంతువు కాదు, పైగా వెచ్చగా ఉంటే నిద్ర సరిగా పట్టక ఉన్న కొవ్వంతా ఖర్చు చేసుకుంటుంది. సుమారు నవంబర్ నుంచి మార్చి వరకు పడుకుంటుంది. ఆ నిద్రలో గుండె నిమిషానికి ఇరవై సార్లకు మించి కొట్టుకోదు. మీరు చేయాల్సిందల్లా ఒక మూల ఊడ్చకుండా వదిలేయడం. ఆకులు, కొమ్మలు, షెడ్ వెనక కలుపు. మధ్యలో లేచి గూడు మార్చుకోవడం మామూలే, అందుకని చలికాలమంతా నీళ్లు, కొద్దిగా బిస్కెట్లు ఉంచండి. పడుకున్నదాన్ని చచ్చిపోయిందేమోనని కదపకండి.

పిల్లలు ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడిగించండి. అక్టోబర్ దాటాక చిన్నది ఏదైనా పగలు దొరికితే ముందు తూకం వేసి ఆ అంకె కాగితం మీద రాసుకోండి. ఫోన్ చేయగానే రెస్క్యూ వాళ్లు మొదట అడిగేది అదే.