క్లే బార్ రుద్దాక నల్ల కారుపై సన్నని గీతలు: సమాధానం

రైలు పట్టాల పక్కన నిలిపే మీ నల్ల కారుకు క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తని బంకమట్టి లాంటి ముద్ద) రుద్దాక సన్నని గీతలు తేలాయని, ఎందుకని మీరు అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి, కారు మొత్తానికీ క్లే ముద్దను ఒకే వైపు వాడటమే కారణం కావచ్చు. రైలు పట్టాల పక్కన నిలిపే కారు కాబట్టి, పెయింట్‌లో దిగబడిన ఇనుప రజను ముద్దకు అంటుకుని పక్క ప్యానెల్‌ను గీరి ఉంటుంది.

1. కారును షాంపూతో కడిగి, ఐరన్ రిమూవర్ (ఇనుప రజనును కరిగించే ద్రవం) చల్లి, అది ఊదారంగుకు తిరిగాక ఆరిపోకముందే నీళ్లతో కడిగేయండి.

2. నీడలో, బానెట్ చల్లబడ్డాక, కొద్ది భాగంపై క్లే లూబ్రికెంట్‌ను (ముద్ద జారేలా చేసే ద్రవాన్ని) ధారాళంగా చల్లి, బరువు మోపకుండా ముద్దను తిన్నగా ముందుకూ వెనక్కూ జరపండి.

3. చాలామంది వదిలేసే పని ఇది: ప్రతి భాగం కాగానే ముద్దను తిప్పి చూసి, గోధుమరంగు మరకో నల్లని చుక్కలో కనిపిస్తే, చపాతీ పిండిలా మడిచి పిసికి శుభ్రమైన ముఖాన్ని బయటికి తీసుకురావాలి. నేలపై పడిన ముక్కను, అది ఎంత కొత్తదైనా, దయచేసి పారేయండి. గీత పడటానికి ఒక్క ఇసుక రేణువు చాలు.

4. పల్చని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి తడిమినప్పుడు గరుకు తగలకపోతే ఆ భాగం పూర్తయినట్టే.

ఇప్పటికే పడిన గీతలు క్లేతో పోవు, వాటికి పాలిష్ అవసరం. క్లే పాత వాక్స్‌ను కూడా లాగేస్తుంది కనుక, పాలిష్ అయిన వెంటనే కొత్త వాక్స్ పట్టించండి.