డెత్ మెటల్ డ్రమ్మర్‌ను అడగండి

హైదరాబాద్‌లో పగలు ఒక విత్తనాల కంపెనీ లెక్కలు చూస్తూ, రాత్రిళ్లు డెత్ మెటల్ (గర్జించే గొంతుతో, హోరెత్తే గిటార్లు, డ్రమ్స్‌తో సాగే రాక్ సంగీత శైలి) బృందంలో డ్రమ్స్ వాయించే మా ఈ నెల అతిథి పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులివి.

డబుల్ పెడల్ (రెండు కాళ్లతో కిక్ డ్రమ్ వాయించే సాధనం) కొని ఏడాదైంది. లయ చూపే మెట్రోనోమ్ నిమిషానికి 150 టిక్కులు దాటితే పిక్కలు బిగుసుకుపోతున్నాయి. వేగం ఎలా పెంచుకోవాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఏలూరు

ముందు 150ని వదిలేయండి. రేపటి నుంచి 80 దగ్గర కూర్చోండి. ఈ మాట నాకు ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే మూడేళ్లు మిగిలేవి. నేను రోజూ 180 దగ్గర మొదలుపెట్టి, పళ్లు బిగించి, తొడల బలంతో తొక్కేవాణ్ని. మోత పెరిగేది, లయ చెదిరేది. ఫోనులో రికార్డు చేసుకుని విన్న రోజున తెలిసింది, ఎడమ కాలు ప్రతిసారీ వెనకబడుతోందని.

మా అక్క సంగీతం నేర్చుకునేటప్పుడు సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడేది. మొదటి కాలం నిలవకుండా రెండో కాలం ఎత్తుకుంటే మేష్టారు ఆపి, మళ్లీ మొదటికి తెచ్చేవారు. చివరకు నాకు దారి చూపింది ఆ జ్ఞాపకమే. 80 మీద పది నిమిషాలు ఎడమ కాలు ఒక్కటే, తర్వాత కుడి కాలు, ఆ తర్వాత రెండూ. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా వినిపిస్తేనే వారానికి రెండు అంకెలు పెంచేవాణ్ని. 200 చేరడానికి రెండేళ్లు పట్టింది.

ఒక లెక్క చూడండి. మెట్రోనోమ్ 240లో ఉండి, ఒక్కో టిక్కుకు నాలుగేసి సార్లు తొక్కితే సెకనుకు 16 అవుతాయి. అంటే ఒక్కో కాలికి ఎనిమిది. కాలు మొత్తాన్నీ తొడతో సెకనుకు ఎనిమిదిసార్లు ఎత్తి దించడం కుదరదు. ఆ పని చీలమండది. తుంటి మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో ఉండేలా సీటు పెంచుకోండి, మడమ కొద్దిగా పైకి లేపి ఉంచండి.

నొప్పి పుడితే ఆపేయండి. ఓర్చుకుని వాయించడం గొప్ప కాదు. మోర్బిడ్ ఏంజెల్ అనే డెత్ మెటల్ బృందంలో ఏళ్ల తరబడి వాయించిన పీట్ సాండోవల్ వంటి మహా డ్రమ్మర్‌కే 2010లో వెన్నుకు శస్త్రచికిత్స జరిగింది. మీకు ఇంకా ఇరవై ఏళ్లే, నడుమును ఇప్పటినుంచే కాపాడుకోండి.

నలభై ఏళ్లు మృదంగం నేర్పాను. మా మనవడు మీ సంగీతం వినిపించాడు. వేగం ఉంది, కాదనను. తాళం ఎక్కడుందో మాత్రం నా చెవికి దొరకలేదు.
– విశ్రాంత అధ్యాపకులు, రాజమహేంద్రవరం

మాస్టారూ, మీ నుంచి ఈ ప్రశ్న రావడం నాకు చాలా సంతోషం. మీరు విన్నది బహుశా బ్లాస్ట్ బీట్ అయి ఉంటుంది. అందులో మామూలు పద్ధతి ఇది: కుడి చేయి సింబల్ (లోహపు పళ్లెం) మీద, కుడి కాలు కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మీద ఒకేసారి పడతాయి. ఆ రెండు దెబ్బల సరిగ్గా నడుమ ఎడమ చేయి స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద పడుతుంది. నెమ్మదిగా చేస్తే 'త క త క' అంతే. వేగం పెరిగేసరికి దెబ్బలు కలిసిపోయి వాన హోరులా వినిపిస్తుంది. ఆ పేరును వాడుకలోకి తెచ్చినవాడిగా బర్మింగ్‌హామ్ బృందం నేపామ్ డెత్ డ్రమ్మర్ మిక్ హ్యారిస్‌ను చెబుతారు. 1987లో వచ్చిన వారి తొలి ఆల్బమ్‌లోని ఒక పాట నిడివి 1.316 సెకన్లు. అతి చిన్న పాటగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

తాళం కోసం నా చేతులను వినకండి, గిటారును వినండి. నేను హోరెత్తిస్తున్నప్పుడు గిటారు పైన నింపాదిగా నడుస్తూ ఉంటుంది. దాని వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి వస్తోందో పట్టుకుంటే ఆవర్తం దొరుకుతుంది. ఇంకొకటి. పాట మధ్యలో నేను దెబ్బలు సగానికి తగ్గిస్తాను. మెట్రోనోమ్ మారదు, అయినా గదిలోని వాళ్లందరి తలలూ ఒక్కసారిగా బరువుగా ఊగుతాయి. నేను ఈ వాద్యం పట్టుకున్నది ఆ క్షణం కోసమే.

మా పాటల్లో ఒకటి ఏడు అక్షరాల నడక. దాన్ని ఇంగ్లీషు అంకెల్లో లెక్కపెట్టి నెలలు తిప్పలు పడ్డాను. మృదంగం నేర్చుకునే ఒక మిత్రుడు 'తకిట తకధిమి' అని చెప్పాడు. మెట్రో రైల్లో ఆఫీసుకు వెళ్తూ వేళ్లతో తొడ మీద వాయించుకున్నాను. నాలుగు రోజుల్లో వచ్చేసింది.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఎప్పుడూ ఈ అరుపులే వింటాడు. వాడి మనసు పాడవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, కాజీపేట

అమ్మా, ఆ గొంతు ఆవేశంలో వచ్చే అరుపు కాదు. ఊపిరి పట్టి, గొంతుకు దెబ్బ తగలకుండా ఏళ్లు సాధన చేసి తెచ్చుకునేది. మాటలు ఏమిటో అబ్బాయినే చదివి చెప్పమనండి. యుద్ధం గురించి, చావు గురించి, ఒంటరితనం గురించి ఉంటాయి. రక్తపాతం తప్ప మరేమీ లేని పాటలూ ఉన్నాయి, అవి నాకూ నచ్చవు. ఆ తేడా మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

నా భయం అబ్బాయి చెవుల గురించి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని పనిచేసేవారి ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ చెబుతుంది. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ఇయర్‌ఫోన్ శబ్దం తగ్గించమనండి. కచేరీకి వెళ్తే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమనండి. నేను మొదటి ఐదేళ్లు పెట్టుకోలేదు. ఇప్పుడు రాత్రి ఫ్యాను ఆపేస్తే నా కుడి చెవిలో సన్నటి ఈల వినిపిస్తుంది. అది తగ్గదని డాక్టరు చెప్పారు.

దీని మీద బతకవచ్చా?
– గుంటూరు

నేను బతకడం లేదు. కచేరీకి వచ్చిన డబ్బు నలుగురం పంచుకుంటే ప్రయాణానికి, స్టిక్కులకు సరిపోతుంది. సాధన చేసుకునే జామ్ రూమ్ అద్దె నా జీతంలోంచే. నెలనెలా 20వ తేదీకి జీఎస్‌టీ రిటర్ను వేయాలి కనుక 15 నుంచి 20 వరకు కచేరీలు ఒప్పుకోను. ఆ ఆరు రోజులూ ఇంట్లో రబ్బరు ప్యాడ్ మీద, 80 దగ్గర.