ఆరేళ్ల పాపను ప్లానెటోరియంకి తీసుకెళ్లొచ్చా? మా ఇంటి అనుభవం

మీ పాపకి ఆరేళ్లని, చుక్కలంటే చాలా ఇష్టమని రాశారు. హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటోరియం (గోపురం లాంటి పైకప్పు మీద చుక్కల్ని చూపించే నక్షత్రశాల) షో ఆ వయసుకి అర్థమవుతుందా, తెలుగు షోకి వెళ్లాలా ఇంగ్లిషు షోకా, టెలిస్కోప్‌లో ఆకాశం చూపించే కార్యక్రమాలకి పిల్లలతో వెళ్లొచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే తెలుగు షోకే వెళ్లండి. షో చూసిన రాత్రే పాపని మేడ మీదికి కూడా తీసుకెళ్లండి. ఈ చివరి మాట చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మేం మొదట మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు వెళ్లాం. తొందరపడ్డాం. గోపురం లోపల లైట్లు తగ్గి చిమ్మచీకటి కాగానే ఏడుపు అందుకుంది. ఐదు నిమిషాలకే ఎత్తుకుని బయటికి వచ్చేశాను. రెండేళ్లు ఆగి మళ్లీ వెళ్లాం. ఈసారి ముందురోజు రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, "రేపు అక్కడ కూడా ఇలాగే చీకటి పడుతుంది, ఆ తర్వాతే చుక్కలొస్తాయి" అని చెప్పి ఉంచాను. చీకటి పడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుక్కలు రాగానే వదిలేసింది. కాబట్టి ఆరేళ్లు మంచి వయసే.

వెళ్లేటప్పుడు కాస్త ముందుగా చేరుకోండి. నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కాలి, టికెట్ల దగ్గర లైను ఉంటుంది, షో మొదలయ్యాక చీకట్లో తడుముకుంటూ సీటు వెతుక్కోవడం అందరికీ ఇబ్బంది. దొరికితే వెనక వరుసల్లో కూర్చోండి. మెడ పట్టెయ్యదు, గోపురం ఎక్కువ భాగం ఒకేసారి కనిపిస్తుంది. అక్కడే సైన్స్ మ్యూజియం, డైనోసారియం కూడా ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు పిల్లలు కదలకుండా నిలబడిపోతారు. కానీ అన్నీ ఒకే పూటలో చూపించాలనుకోకండి. ముందు షో చూపించి, ఓపిక ఉంటే మిగతావి చూడండి.

తెలుగు షో అని ఎందుకు అన్నానంటే, మన ఆకాశానికి మన పేర్లు ముందే ఉన్నాయి. కృత్తికల్ని మా నాయనమ్మ పిల్లలకోడి అనేది. చిన్న చుక్కలన్నీ గుంపుగా చేరి ఉంటే నిజంగా కోడి చుట్టూ పిల్లలున్నట్టే ఉంటుంది. రోహిణి, మృగశిర, చిత్త, స్వాతి అన్న పేర్లు పంచాంగంలోనో, కార్తెల గురించి పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడో విన్నవే. ఆ పేరు వినపడిన క్షణంలోనే గోపురం మీద చుక్క కనిపిస్తే పిల్లలకి బాగా గుర్తుండిపోతుంది. నా పెళ్లిలో అరుంధతిని పట్టపగలు చూపించారు, నమస్కారం పెట్టాను. వసిష్ఠుడి పక్కన ఆమె నిజంగా ఎక్కడుంటుందో నాకు తెలిసింది మాత్రం ఈ నక్షత్రశాలలోనే. ఇప్పుడు వేసవి మొదట్లో రాత్రి తొమ్మిదికి మా అమ్మాయి సప్తర్షుల తోక మధ్య చుక్క దగ్గర వేలుపెట్టి ఇద్దరినీ చూపిస్తుంది.

ఇక మేడ సంగతి. గోపురం మీద కనిపించే వేల చుక్కలు మన సిటీ ఆకాశంలో కనిపించవు. ఇంటికొచ్చి పైకి చూసిన పిల్లలకి దిగులేస్తుంది. అందుకే ఆ రాత్రే మూడు చుక్కలు చాలనుకుని వెతకండి. చలికాలమైతే మృగశిర పక్కన వరసగా ఉండే మూడు చుక్కలతో మొదలుపెట్టండి, అవి ఎంత వెలుతురులోనైనా దొరుకుతాయి. ధ్రువ నక్షత్రం నడినెత్తిన ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మనం ఎంత అక్షాంశంలో ఉంటే, ఉత్తరాన నేల అంచు నుంచి అది అంత ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాద్‌కి సుమారు 17 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లు కూడా నిండదు. మా ఎదురు అపార్ట్‌మెంట్ దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. మా అమ్మాయి ధ్రువుణ్ణి నల్లగొండ దగ్గర మా ఊళ్లోనే మొదటిసారి చూసింది.

టెలిస్కోప్ కార్యక్రమాల గురించి. ఆస్ట్రానమీ క్లబ్బులు, కాలేజీలు, సైన్స్ సెంటర్లు వీటిని పెడుతుంటాయి. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం, ఆగస్టు 23 అంతరిక్ష దినోత్సవం, అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే అంతరిక్ష వారోత్సవాలు, గ్రహణాలు వస్తున్నప్పుడు కాస్త వాకబు చేస్తూ ఉండండి. వానాకాలంలో మబ్బుల వల్ల చాలాసార్లు వట్టి చేతులతో తిరిగొస్తాం. కార్తీకం నుంచి మాఘం దాకా ఆకాశం మంచిగా ఉంటుంది. చంద్రుణ్ణి చూడాలంటే పౌర్ణమి కాదు, అమావాస్య తర్వాత వచ్చే సప్తమి, అష్టమి రోజులకి వెళ్లండి. పౌర్ణమినాడు వెలుగు నేరుగా పడి అంతా చదునుగా కనిపిస్తుంది. సగం చంద్రుడప్పుడు వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పడి, గుంతలన్నీ చేత్తో తడమొచ్చేమో అన్నట్టు ఉంటాయి.

ఒక విషయం పాపకి ముందే చెప్పండి. ఫోన్లో చూసేంత రంగులు టెలిస్కోప్‌లో ఉండవు. మృగశిర దగ్గరి నెబ్యులా (అంతరిక్షంలో ఉండే వాయువు, ధూళి మేఘం) బూడిదరంగు పొగలా కనిపిస్తుంది. బృహస్పతి చిన్న గుండ్రటి బిళ్లలా, పక్కన వరసగా చుక్కల్లాంటి నాలుగు చంద్రులతో ఉంటుంది. 1610లో గెలీలియో చూసినవి అవే అని చెప్తే మా అమ్మాయి రెండోసారి లైన్లో నిలబడింది. శని ఉంగరం 2025లో భూమికి దాదాపు అంచు వైపు తిరిగింది, అందుకే అప్పుడు చూసినవాళ్లకి సన్నటి గీతే కనిపించింది. అది మళ్లీ ఏటేటా కొంచెం కొంచెం తెరుచుకుంటుంది. ఇంకోమాట, కన్ను పెట్టేచోట టెలిస్కోప్‌ని చేత్తో పట్టుకోకూడదని నేర్పించండి. కాస్త కదిలినా గ్రహం పక్కకి జారిపోతుంది, మళ్లీ సరిచేసేదాకా వెనకున్న పిల్లలందరూ ఆగాలి.

సూర్యుడి విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. 2019 డిసెంబరు 26 ఉదయం పాక్షిక సూర్యగ్రహణానికి మా బంధువొకాయన ఎక్స్‌రే ఫిల్మ్ పట్టుకొచ్చారు. పిల్లల చేతికి ఇచ్చేలోపే తీసేసుకున్నాను. ఎక్స్‌రే ఫిల్మ్, మామూలు చలువద్దాలు కళ్లని కాపాడవు. గ్రహణాల కోసం తయారుచేసిన కళ్లద్దాలు ఉండాలి, టెలిస్కోప్‌కైతే సోలార్ ఫిల్టర్ కన్ను పెట్టేచోట కాదు, సూర్యుడి వైపుండే ముందు భాగానికే బిగించాలి. ఆ రోజు మేం వంటింట్లోంచి చిల్లుల గిన్నె తెచ్చి ఎండలో పట్టుకున్నాం. గచ్చు మీద ప్రతి చిల్లుకీ ఒక చిన్న నెలవంక పడింది. మా వాకిలంతా సూర్యుళ్లే.

ఇదంతా నాకు ఇంత ముఖ్యం కావడానికి మా నాన్న కారణం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగా వెళ్లింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి దాన్ని పరిశీలించడానికి శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అక్కడికి ఎంతో దూరంలో లేని మా ఇంట్లో మాత్రం తలుపులు బిగించి, కిటికీలకి దుప్పట్లు కట్టి కూర్చున్నారు. నాన్నకి అప్పుడు ఇరవయ్యారేళ్లు. రెండు నిమిషాలకి పైగా సూర్యుడు పూర్తిగా మాయమైతే, దుప్పటి సందుల్లోంచి వచ్చే వెలుగు ఆగిపోవడం ఒక్కటే ఆయన చూశాడు. 1985లో ఎన్టీఆర్ ఈ ప్లానెటోరియం ప్రారంభించాక రెండు మూడుసార్లు పని మీద సిటీకి వచ్చినా లోపలికి వెళ్లలేదట. మా అమ్మాయే చెయ్యిపట్టి తీసుకెళ్లింది. షో అయ్యాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాతి మే 9న ఆయన మా ఇంట్లోనే ఉన్నారు. హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా ఉన్న వాటికి నీడ ఉండదు. మేలో 12 గంటల 12 నిమిషాలకి, ఆగస్టులో 12 గంటల 22 నిమిషాల ప్రాంతంలో. దీనికి టికెట్టూ టెలిస్కోపూ ఏవీ అక్కర్లేదు, ఆగస్టులో మబ్బుల భయం తప్ప. నాన్న మేడ మీద రోకలి నిలబెట్టారు. మా అమ్మాయి సుద్దముక్కతో నీడ చుట్టూ గీస్తూ పోయింది. గీత దగ్గరికి జరిగి జరిగి, చివరికి రోకలి అడుగులోకి వెళ్లిపోయింది. నాన్న వంగి చుట్టూ తిరిగి చూశారు. "అట్లాంటి గ్రహణం మళ్ల మన దేశంలో ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగారు. 2034 మార్చి 20న, లద్దాఖ్‌లో కార్గిల్ వైపు అని చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అప్పటికి ఎనభై నాకు. తాతని తీస్కపోతవా?" అని మనవరాలిని అడిగారు.